మిగిలిన 62 మైనపు షీట్లు: ఒక నిల్వ అనుభవం

తేనెటీగలు పెంచేవాళ్లం చెక్క ఫ్రేముల్లో గదుల అచ్చున్న మైనపు షీట్లు బిగిస్తాం. ఈగలు వాటి మీదే గోడలు లేపి పట్టు, అంటే గదుల తుట్టె, కడతాయి. తేనె కోసం ఈగల పెట్టె పైన పెట్టే పెట్టెను సూపర్ అంటాం. షెడ్డులో పేర్చి ఉంచిన సూపర్ మూత తీసి మొదటి ఫ్రేమును పైకి లాగాను. ఫ్రేము మొత్తం వచ్చింది కానీ అందులోని మైనపు షీటు సగమే వచ్చింది. కింది సగం పక్క ఫ్రేములోని షీటుకు అతుక్కుపోయింది. రెండింటినీ మెల్లగా విడదీద్దామని వేలు పెడితే, ఆరుభుజాల గదుల అచ్చు వేలి కిందే చెదిరి నున్నగా అయిపోయింది. ఆరు నెలల క్రితం తీగలు బిగించి, షీట్లు అతికించి, వచ్చే సీజనుకు పని తగ్గుతుందన్న ఆశతో నేనే సిద్ధం చేసి పెట్టుకున్న ఫ్రేములవి.

ఆ పూట ఇంకో పని ముట్టుకోలేదు. ఎక్కడెక్కడ దాచిన షీట్లన్నిటినీ బయటికి తీసి, బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచి, ఏది ఎలా ఉందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పుస్తకంలో నుంచీ, ఆ తరువాత ఏడాదిన్నర పాటు చేసిన మార్పుల నుంచీ తీసుకున్నదే.

మూడు చోట్లు, మూడు రకాల నష్టం

సీజను మొదట్లో 100 షీట్లు కొన్నాను. 38 వాడాను, 62 మిగిలాయి. వాటిని ఒకే చోట పెట్టకుండా, వీలునుబట్టి మూడు చోట్ల సర్దేశాను. 30 షీట్లు కొన్నప్పటి అట్టపెట్టెలోనే, లోపలి గదిలో అలమర అడుగు అరలో ఉండిపోయాయి. 20 షీట్లను ఫ్రేములకు బిగించి, సూపర్లలో వేసి, రేకుల కప్పున్న షెడ్డులో పైకి పేర్చాను. మిగిలిన 12 ఇనుప బీరువాలోకి వెళ్లాయి. ఆ బీరువాలో అంతకుముందు నుంచి బట్టల కోసం నాఫ్తలీన్ ఉండలు ఉండేవి.

అప్పుడు ఇదొక ప్రయోగం అనుకోలేదు, చోటు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టానంతే. కానీ ఒకే రోజు కొన్న, ఒకే అచ్చు నుంచి వచ్చిన సరుకు మూడు తీర్లలో ఉండడం వల్ల, తేడా ఎక్కడ నుంచి వచ్చిందో స్పష్టంగా తెలిసింది. మైనపు పురుగు వల్లే అంతా పోతుందని అప్పటిదాకా గట్టిగా నమ్మేవాడిని. 62 షీట్లలో పురుగు వల్ల పోయినవి రెండే. మిగతా నష్టమంతా వేడి వల్ల, వాసన వల్ల జరిగింది.

షెడ్డు

తేనెటీగల మైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య. ఈ అంకె ఒక్కటే గుర్తుపెట్టుకోవడం నన్ను దెబ్బతీసింది. ఎంత ఎండ కాసినా షెడ్డు 62 డిగ్రీలకు చేరదు కదా, ఇక భయమెందుకు అనుకున్నాను. కరగకపోయినా మైనం మెత్తబడుతుంది. 35 డిగ్రీలు దాటేసరికి చేతిలో వంచితే వంగేంత మెత్తగా అవుతుంది, 40 దాటితే తన బరువును తానే మోయలేదు. పిల్ల ఈగలు పెరిగే తేనెతుట్టె మధ్యలో 34, 35 డిగ్రీలు ఎప్పుడూ ఉంటాయి, అయినా అక్కడ షీటు జారిపోదు. ఎందుకంటే ఈగలు రెక్కలతో గాలి విసురుతూ, నీళ్లు తెచ్చి చల్లబరుస్తూ ఆ వేడిని అదుపులో పెడతాయి. పైగా గోడలు కట్టేకొద్దీ షీటుకు బలం వస్తుంది. షెడ్డులో పెట్టిన షీటుకు ఆ కాపలా ఎవరూ కాయరు.

తరువాతి ఎండాకాలంలో అదే షెడ్డులో, అదే ఎత్తులో, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు వేలాడదీశాను. మధ్యాహ్నాలు రేకుల కింద 48 డిగ్రీలు చూపింది. అదే రోజుల్లో లోపలి గదిలో అలమర అడుగు అర 31 దాటలేదు. నా నష్టానికి కారణం ఆ 17 డిగ్రీల తేడాలో ఉంది.

బల్ల మీద చూస్తే 20 షీట్లలో 12 పూర్తిగా జారిపోయాయి. తీగకూ తీగకూ మధ్య మైనం సంచిలా ఉబ్బి కిందికి వేలాడుతోంది. కొన్నిచోట్ల తీగ షీటును కోసుకుని అవతలికి వచ్చేసింది. ఇంకో 6 అంతగా జారలేదు కానీ అలలు అలలుగా వంకర తిరిగాయి. ఆ వంకరకు కారణం తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. వేడికి మైనం బాగా వ్యాకోచిస్తుంది. చుట్టూ ఉన్న చెక్క, తీగ అంతగా సాగవు. పై గాడిలో, పక్క గాడిలో షీటును బిగుతుగా ఇరికించి పెట్టాను. సాగిన మైనం ఎటూ పోలేక మధ్యలో మెలిక తిరిగింది. వంకర షీటు మీద ఈగలు వంకర పట్టే కడతాయి. అది పక్క పట్టుకు అతుక్కుని, ఫ్రేము తీసిన ప్రతిసారీ చిరుగుతుంది.

మిగిలిన రెండు షీట్లనే పురుగు తిన్నది. తప్పు అందులోనూ నాదే. షీట్లతో పాటు ఒక పెట్టెలో ఖాళీ ఉందని నల్లబడిన పాత పిల్లల పట్టు ఒకటి వేశాను. మైనపు పురుగు అని మనం పిలిచేది ఒక చిమ్మట లార్వా. పెద్దదని, చిన్నదని రెండు జాతులున్నాయి. పేరుకు మైనపు పురుగే అయినా, వట్టి మైనం మీద అది సరిగా ఎదగలేదు. పిల్ల ఈగలు పెరిగిన గదుల్లో మిగిలే పట్టుదారపు పొరలు, పుప్పొడి దానికి కావాలి. అందుకే కొత్త ఫౌండేషన్‌ను, అంటే ఈ మైనపు షీటును, సాధారణంగా వదిలేసి, పాత పట్టును వెతుక్కుని పోతుంది. నేను ఆ పాత పట్టును తెచ్చి షీట్ల పక్కనే పెట్టాను. అందులో ఎదిగిన పురుగులు దారాలు అల్లుకుంటూ పక్క షీట్ల మీదికి పాకాయి. ఆ రెండు షీట్ల మీద తెల్లని సొరంగాలు, వాటి పొడవునా ఆవగింజల కన్నా సన్నని నల్లటి రెట్ట గింజలు కనిపించాయి. ఫ్రేము పక్క చెక్కలో పడవ ఆకారంలో చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. గూడు కట్టుకునే ముందు లార్వా చెక్కను అలా తొలుచుకుంటుంది. ఆ గుంటల్లో ఒకదాని మీద వేలు పెట్టి చూస్తే గూడు ఇంకా అంటుకునే ఉంది, ఖాళీగా. చిమ్మట వెళ్లిపోయి చాలా రోజులైంది.

అట్టపెట్టె

లోపలి గదిలోని 30 షీట్ల పెట్టె తెరిచినప్పుడు నాకు సాయం చేస్తున్న తమ్ముడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"అన్నయ్యా, వీటికి బూజు పట్టింది. పారేద్దామా?"

పై నుంచి అడుగు దాకా ప్రతి షీటూ తెల్లగా మసకబారి ఉంది. పలక మీద రాసింది అరచేత్తో తుడిచేస్తే మిగిలే సుద్దపొడిలా ఒక పలచని పొర. పసుపు రంగు దాని వెనక ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన రాలేదు. మైనం వాసనే ఉంది, కాస్త తగ్గినట్టుగా. వేలితో రుద్దితే పొర చెదిరి, వేలికి జిడ్డుగా అంటింది.

ఇది బూజు కాదు, దీన్ని బ్లూమ్ అంటారు. మైనం ఒకే పదార్థం కాదు, ఎన్నో పదార్థాల మిశ్రమం. వాటిలో తక్కువ వేడికే కరిగేవి నెమ్మదిగా ఉపరితలానికి చేరి ఇలా తెల్లని పొడిగా పేరుకుంటాయి. ఆ పొడి కరిగే ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీలు, అంటే మైనం కంటే 20 డిగ్రీలకు పైగా తక్కువ. చల్లని చోట నెలల తరబడి ఉంచిన మైనం మీద ఇది రావడం సహజం. మైనం పాడైందని దీని అర్థం కాదు.

మాటలతో చెబితే తమ్ముడు నమ్మేలా లేడు. ఒక షీటును పలక మీద పరిచి, హెయిర్ డ్రయ్యర్‌ను రెండు జానల దూరంలో పట్టుకుని ఊపుతూ వెచ్చని గాలి తగలనిచ్చాను. పది పదిహేను సెకన్లలో ఆ తెలుపు ఒక అంచు నుంచి కరుగుతూ పోయింది, దాని వెనకే లేత పసుపు తేరుకుంటూ వచ్చింది. గదుల అచ్చు గీత గీతగా మెరిసింది. వాసన కూడా తిరిగి వచ్చింది, కొత్త షీట్ల కట్ట విప్పినప్పుడు వచ్చే ఆ తియ్యని వాసన. తమ్ముడు డ్రయ్యర్ నా చేతిలో నుంచి తీసుకుని రెండో షీటు తానే చేశాడు.

బూజైతే ఇలా మాయం కాదు. బూజు మచ్చలు మచ్చలుగా, నూగుతో, ముక్కిన వాసనతో వస్తుంది. వట్టి మైనం మీద అది బతకదు. షీటు మీద పడిన దుమ్ము, తేనె మరకలు, తేమ ఉంటేనే కనిపిస్తుంది. ఈ తేడా తెలియక మంచి షీట్లు పారేసిన వాళ్లను నేను చూశాను. ఆ బాధతోనే ఈ భాగాన్ని ఇంత విడమర్చి రాస్తున్నాను. కూలి ఈగ పొట్ట అడుగున ఉండే నాలుగు జతల గ్రంథుల నుంచి మైనం రేణువు రేణువుగా వస్తుంది. అదీ ఆ ఈగ జీవితంలో కొద్దిరోజులే, సాధారణంగా 12 నుంచి 18 రోజుల వయసులో. ఒక కిలో మైనానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె ఖర్చవుతుందని పెంపకందారుల లెక్క. అంత కష్టంతో వచ్చిన మైనాన్ని తెల్లపొడి చూసి చెత్తలో వేయడం నాకు మనసొప్పదు.

వెచ్చబెట్టడం అవసరమా, లేక తెల్లపొడితోనే పెట్టెలో వేయవచ్చా అన్నది చూద్దామని, సమాన బలం ఉన్న రెండు పెట్టెలు ఎంచుకున్నాను. మకరందం బాగా వస్తున్న రోజులవి. ఒక్కో పెట్టెలో నాలుగు షీట్లు, వెచ్చబెట్టినవీ వెచ్చబెట్టనివీ ఒకటి విడిచి ఒకటిగా, పిల్లల పట్టులను విడదీయకుండా అంచున వేశాను. మూడో రోజు చూస్తే వెచ్చబెట్టిన వాటికి రెండు వైపులా గోడలు లేచాయి. మిగతా వాటి మధ్యలో మాత్రమే ఈగలు గుమిగూడి ఉన్నాయి. ఎనిమిదో రోజు అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో ఫ్రేము మీది గుర్తు చూసి చెప్పాల్సి వచ్చింది. మొత్తం ఎనిమిది షీట్ల మీద చూసిన విషయమిది, దీన్ని పెద్ద సూత్రంగా చెప్పను. కానీ ఆ రోజు నుంచి నేను వెచ్చబెట్టకుండా షీటు వేయడం లేదు. పది సెకన్ల పనికి మూడు నాలుగు రోజులు కలిసి వస్తాయి.

బీరువా

12 షీట్లు చూడడానికి అన్నిటికంటే బాగున్నాయి. వంకర లేదు, తెలుపు లేదు, అచ్చు చెక్కుచెదరలేదు. కానీ తలుపు తెరవగానే వచ్చిన వాసనతోనే సంగతి అర్థమైంది. నీడలో, గాలి తగిలేచోట తీగ మీద క్లిప్పులతో వేలాడదీసి మూడు వారాలు ఉంచాను. గదిలో వాసన పోయింది, షీటును ముక్కుకు ఆనిస్తే పోలేదు.

మైనం కొవ్వు లాంటి పదార్థం. కొవ్వులో కరిగే ఏ రసాయనాన్నైనా పీల్చుకుని తనలో దాచుకుంటుంది. తేనెటీగలను పట్టి పీడించే వరోవా నల్లిని అరికట్టడానికి పెట్టెల్లో వాడే ఫ్లువాలినేట్, కౌమాఫాస్ లాంటి మందులు ఏళ్ల తరబడి పాత పట్టులో మిగిలిపోయేది ఈ గుణం వల్లే. నాఫ్తలీన్ కూడా అంతే. మైనంలో చేరింది అక్కడ నుంచి తేనెలోకి, పిల్ల ఈగల ఒంట్లోకి పోతుంది. పారాడైక్లోరోబెంజీన్ ఉండలకూ ఇదే మాట వర్తిస్తుంది. చిమ్మట నుంచి కాపాడుతుందని వాటిని షీట్ల మధ్య పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానండి. కొత్త షీటును చిమ్మట ఎలాగూ పెద్దగా ముట్టుకోదు, లేని శత్రువు కోసం మంచి మైనాన్ని విషం చేసుకుంటున్నాం. కిరోసిన్, పెయింటు, పురుగుమందుల డబ్బాలున్న గదికి కూడా షీట్లను దూరంగా ఉంచాలి.

ఆ 12 షీట్లను ఈగల దగ్గరికి తీసుకుపోలేదు. "ఒక్కటి వేసి చూద్దాం, తీసుకుంటాయేమో" అని తమ్ముడు అన్నాడు. ఈగలు ఒప్పుకున్నంత మాత్రాన తేనెలోకి పోయే నాఫ్తలీన్ ఆగదు కదా. కరిగించి కొవ్వొత్తులు చేద్దామన్నా, ఆ పొగను గదిలో పీల్చాలి. అన్నీ పారేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే షెడ్డు షీట్లలో కొంతైనా దక్కింది.

దక్కించుకున్నది

వంకర తిరిగిన 6 షీట్లను ఫ్రేముల నుంచి విప్పి, వెచ్చని గదిలో రాత్రంతా నున్నని పలక మీద ఉంచి, పైన ఇంకో పలక వేసి వదిలేశాను. తెల్లారేసరికి చదునయ్యాయి. పూర్తిగా జారిన 12 షీట్ల పై భాగం గాడికి దగ్గరగా చెడకుండా ఉంది. అక్కడ నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, ఫ్రేముల పై పట్టెకు అతికించి వాడాను. అలాంటి పట్టీ నుంచి ఈగలు తమంతట తామే పట్టు దింపుకుంటాయి, కాకపోతే పెట్టె సమతలంగా ఉండాలి, ఫ్రేములు నిలువుగా ఉండాలి.

పట్టీలు పోగా మిగిలిన మైనాన్ని కరిగించాను. 1857లో యోహానెస్ మేరింగ్ అచ్చుల మధ్య మైనాన్ని ఒత్తి తొలి ఫౌండేషన్ తయారు చేసిన నాటి నుంచి షీటు విలువంతా ఆ గదుల గీతల్లోనే ఉంది. గీతలు పోయాక అది మంచి మైనమే కానీ షీటు కాదు. కరిగించేటప్పుడు నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టను. పెద్ద పాత్రలో నీళ్లు మరిగిస్తూ, అందులో చిన్న స్టీలు పాత్ర దించి కరిగిస్తాను. ఇనుము, రాగి పాత్రలు మైనం రంగు చెడగొడతాయి. మైనం అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పకూడదు, మూత వేసి గాలి ఆపాలి.

పురుగు పట్టిన రెండు షీట్లనూ, ఆ పాత పట్టునూ కాల్చేశాను. పురుగు తినని ఫ్రేముల చెక్కలను డీప్ ఫ్రీజర్‌లో 48 గంటలు ఉంచాను. మైనస్ 15 డిగ్రీల దగ్గర రెండు గంటల్లో, మైనస్ 7 దగ్గర నాలుగున్నర గంటల్లో మైనపు పురుగు గుడ్లతో సహా చనిపోతుంది. అయితే ఆ చలి పేర్చిన కట్ట మధ్యకు చేరడానికి చాలా సమయం పడుతుంది, అందుకే రెండు రోజులు.

లెక్క చూస్తే 62లో షీట్లుగా వాడుకోగలిగినవి 36.

ఇప్పుడు చేస్తున్నది

షీటును ఫ్రేముకు బిగించేది పెట్టెలో వేసే రోజునే, లేదంటే దానికి ముందురోజు. ఈ ఒక్క మార్పు వల్ల వంకర సమస్య పూర్తిగా పోయింది. తీగలు మాత్రం ఖాళీ రోజుల్లో ముందే బిగించి పెట్టుకుంటాను.

షీట్లను పడుకోబెట్టే ఉంచుతాను. నిలబెడితే కొన్ని వారాల్లోనే విల్లులా వంగుతాయి. అడుగున షీటు కంటే అంగుళం పెద్దదైన చదునైన ప్లైవుడ్ పలక, షీటుకూ షీటుకూ మధ్య పలుచని కాగితం, 25 షీట్లకు మించని కట్ట. అంతకంటే ఎత్తు పేరిస్తే అడుగు షీట్ల అచ్చు పై బరువుకు నలుగుతుంది. కట్ట మొత్తాన్ని శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో చుట్టి అట్టపెట్టెలో పెడతాను. కవరు వాసనను, దుమ్మును ఆపుతుంది, అట్టపెట్టె వెలుతురును ఆపుతుంది. ఎండ తగిలితే మైనం రంగు వెలిసిపోతుంది. పెట్టె స్థానం మాత్రం మారలేదు. లోపలి గది, అడుగు అర, బయటి గోడకు ఆనకుండా. పక్కనే ఎలుకల బోను ఒకటి ఉంచాను, ఎందుకంటే కాగితాలున్న వెచ్చని పెట్టెలో ఎలుక గూడు కట్టుకుంటుంది.

పెట్టె మీద కొన్న తేదీ, ఫ్రేము కొలత, గది కొలత పెద్ద అక్షరాలతో రాస్తాను. మెల్లిఫెరా (యూరప్ జాతి) ఈగలకు వాడే షీటులో ఒక్కో గది వెడల్పు సుమారు 5.4 మిల్లీమీటర్లు, సెరానా (మన దేశపు జాతి) ఈగలకు అది 5 లోపే. రెండూ పెంచేవారి దగ్గర కాగితం పోగొట్టుకున్న షీట్లు కలిసిపోతే కంటితో చూసి వేరు చేయడం కష్టం. ఒక వరుసలో పది గదులను స్కేలుతో కొలిస్తే తెలుస్తుంది.

చలికాలంలో ఒక పాఠం కొత్తగా నేర్చుకున్నాను. గదిలో 9 డిగ్రీలున్న ఉదయం కట్ట విప్పి ఒక షీటు మూల పట్టుకుని ఎత్తగానే, ఎండుటాకులా పుటుక్కున విరిగింది. మూల నా చేతిలో మిగిలింది, మిగతాది నేల మీద నాలుగు ముక్కలైంది. ఇప్పుడు చలిరోజుల్లో షీట్లు కావాలంటే ముందురోజే పెట్టెను వెచ్చని గదిలోకి చేరుస్తాను. కవరు విప్పకుండా ఉంచుతాను, విప్పితే గదిలోని తేమ చల్లని మైనం మీద నీటి బిందువులుగా చేరుతుంది. 20 డిగ్రీలు దాటాక చేతిలో వంచినా విరగదు.

అన్నిటికంటే పెద్ద మార్పు కొనే లెక్కలో వచ్చింది. పిల్ల ఈగలు పెరిగే పది ఫ్రేముల పెట్టెలో ఏడాదికి మూడు పాత పట్టులు తీసేసి కొత్తవి కట్టిస్తాను. అంటే పెట్టెకు మూడు షీట్లు. ఈగలను రెండు కుటుంబాలుగా విభజించాలనుకున్న ప్రతి పెట్టెకు ఇంకో అయిదారు. దానికి పైన పది షీట్లు, అనుకోకుండా వచ్చి వాలే ఈగల గుంపుల కోసం. మకరందం లేని రోజుల్లో షీటు వేసి ఉపయోగం లేదు, ఈగలు కట్టకపోగా అంచులు కొరికి తీసుకుపోయి వేరేచోట వాడుకుంటాయి. కాబట్టి సీజను మధ్యలో "ఉంటాయిలే" అని ఎక్కువ కొనడం మానేశాను.

కిందటి సీజను చివర 14 షీట్లు మిగిలాయి. మొన్న పెట్టె తెరిచి చూశాను. తెల్లపొడి వచ్చింది, అంతకంటే ఏమీ లేదు. మధ్య నుంచి ఒక షీటు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా గదుల వరుసలు సూటిగా ఉన్నాయి. తమ్ముడు పెట్టె మీది పాత తేదీ కింద గీత గీసి, "విభజనకు ముందు ఇవే" అని రాసి తిరిగి అడుగు అరలో పెట్టాడు.